శంషాబాద్ దారిలో డేటా నకళ్లు

వ్యాపార సంస్థలు తమ లెక్కలకు, దస్త్రాలకు మరొక ప్రతిని వేరే చోట దాచుకోవడాన్ని నేడు బ్యాకప్ అంటున్నారు గాని, ఈ ఏర్పాటు కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అసలు దస్తావేజు భూమి కొన్నవారి చేతికి తిరిగి వెళ్తుంది, దాని నకలు మాత్రం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని ఒకటో నంబరు పుస్తకంలో ఉండిపోతుంది. కనుక ఇంట్లోని కాగితం వరదలో పోయినా, చెదలు తిన్నా, హక్కుకు ఆధారం మిగులుతుంది. దశాబ్దాల పాటు చేత్తో ఎత్తి రాసిన ఈ నకళ్ల స్థానంలోకి, 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘కార్డ్’ పేరిట రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించినప్పుడు, స్కాన్ చేసిన ప్రతులు వచ్చాయి. అసలూ నకలూ ఒకే కప్పు కింద ఉండరాదన్న ఆలోచన ఇందులోనే ఉంది. సాంకేతికత మారిన ప్రతిసారీ సంస్థలు మరిచిపోతూ వచ్చింది కూడా దీన్నే.

నకళ్ల ప్రశ్న భూమి దస్తావేజులతో ఆగలేదు. హైదరాబాద్ శివారు శంషాబాద్‌కు దక్షిణంగా, బెంగళూరు రహదారి మీద ఉన్న షాద్‌నగర్‌లో, నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1979లో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను అందుకొనే భూకేంద్రాన్ని నెలకొల్పింది. ఉపగ్రహం పంపిన సంకేతాలను అధిక సాంద్రత గల అయస్కాంత టేపుల మీదికి ఎక్కించి, ఆ టేపులను హైదరాబాద్ బాలానగర్‌లోని ప్రధాన కార్యాలయానికి వాహనాల్లో చేరవేసేవారు. స్వీకరణ, శుద్ధి, నిల్వ షాద్‌నగర్‌లోనే ఒక్క చోటికి రావడానికి 2011 దాకా పట్టింది. పోయిన లెక్కను తంటాలు పడి తిరిగి రాయవచ్చునేమో గాని, 1980లో ఒక చెరువు ఎంత మేర నిండి ఉందో చూపే చిత్రాన్ని మళ్లీ తీయడం అసాధ్యం. పైగా టేపు చెక్కుచెదరకపోయినా, దాన్ని చదివే యంత్రం తయారీ ఆగిపోతే ఆ టేపు ఉన్నా లేనట్టే గనుక, ఇటువంటి భాండాగారాలు తరం మారినప్పుడల్లా నిల్వ మొత్తాన్ని కొత్త మాధ్యమంలోకి ఎత్తి రాసుకోక తప్పదు. వ్యాపార సంస్థల బ్యాకప్ చర్చల్లో ఈ సంగతికి దక్కవలసినంత చోటు నేటికీ దక్కడం లేదు.

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం నుంచి విమానాల రాకపోకలు మొదలయ్యాక, హైదరాబాద్ ఔషధ సంస్థల సరుకు అక్కడి కార్గో టెర్మినల్‌లోని శీతల వసతి గల ఫార్మా జోన్ మీదుగా విదేశాలకు వెళ్లసాగింది. ఆ సరుకు విలువ మందులో ఎంత ఉందో, ఆ మందును పరీక్షించినట్టు చూపే రికార్డులోనూ అంతే ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1978 నాటి తయారీ నిబంధనల్లోనే, కంప్యూటర్‌లోకి ఎక్కించిన సమాచారానికి బ్యాకప్ ఉండాలని, అది పూర్తిగా, ఉన్నది ఉన్నట్టుగా ఉండడమే కాక మార్పులకు గాని పొరపాటున చెరిగిపోవడానికి గాని తావివ్వరాదని నిర్దేశించింది. అంటే ఇక్కడి ఔషధ పరిశ్రమకు బ్యాకప్ కంప్యూటర్ విభాగపు సొంత వ్యవహారంగా కాక, విదేశీ విపణిలో అడుగు పెట్టే అర్హతగా ఎదురైంది.

అయినా అంతవరకు రికార్డులకు ఊహలో ఉన్న శత్రువులు ప్రధానంగా అగ్ని, నీరు, యంత్రలోపం, పొరపాట్లే. 2020 అక్టోబరు 22న హైదరాబాద్ ఔషధ సంస్థ డాక్టర్ రెడ్డీస్ తనపై సైబర్ దాడి జరిగిందని ప్రకటించి, తన డేటా సెంటర్ సేవలన్నిటినీ వేరుపరచింది. అది ర్యాన్సమ్‌వేర్ దాడి అని తరువాత వెల్లడైంది. ఫైళ్లను సంకేత రూపంలోకి మార్చి, తిరిగి తెరవడానికి డబ్బు అడిగే ఈ దాడుల్లో, అదే నెట్‌వర్క్‌కు తగిలించి ఉన్న నకళ్లు కూడా అసలుతో పాటే పోతాయి. ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం, అంటే మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, బయటి చోట ఒకటి అన్న నియమం, ఈ కారణంగానే నెట్‌వర్క్‌తో సంబంధం లేని లేదా మార్చడానికి వీల్లేని మరొక ప్రతి కావాలన్న దాకా విస్తరించింది.

2022లో కేంద్రం కంపెనీల లెక్కల నియమాలను సవరించి, భారతదేశంలోని సర్వర్లలో ఉంచవలసిన బ్యాకప్‌ను అప్పుడప్పుడు కాక ప్రతిరోజూ తీయాలని ఆదేశించింది. అదే ఏడాది నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ క్లౌడ్ రీజియన్‌ను, అంటే డేటా కేంద్రాల సముదాయాన్ని, ప్రారంభించింది; 2016 నుంచి ముంబై ఒక్కటే ఉన్న ఆ సంస్థ వినియోగదారులకు, దేశం దాటకుండానే రెండో నగరంలో ప్రతి ఉంచుకొనే వీలు అప్పుడే కలిగింది. సముద్రానికి దూరంగా, భూకంప ముప్పు తక్కువగా ఉన్న దక్కను పీఠభూమి ముంబై, చెన్నై సంస్థల నకళ్లకు అనువైన చోటే. అయితే హైదరాబాద్ సంస్థే తన నకళ్లన్నిటినీ హైదరాబాద్ రీజియన్‌లో ఉంచుకుంటే, అది ఊరు దాటని నకలే అవుతుంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బయటి ప్రతి లేని ఒకే ఒక నిల్వ వ్యవస్థలో 858 టెరాబైట్ల ఉద్యోగుల ఫైళ్లు నశించాయి.

నకలు ఉండడం వేరు, పని సాగడం వేరు. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ లోపంతో ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు నిలిచిపోయిన రోజు, డేటా చెరిగిపోకపోయినా తెరలు పనిచేయక, శంషాబాద్‌లో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. ఎంత సేపట్లో తిరిగి లేవగలమన్నది ప్రతుల లెక్కతో తేలే విషయం కాదు. నకలు నుంచి వ్యవస్థను తీరిక వేళ పునరుద్ధరించి చూసినప్పుడే అది తెలుస్తుంది.

విమానాశ్రయానికి నగరం వైపున ఉన్న కాటేదాన్ వంటి పారిశ్రామిక వాడల్లోని ఏకవ్యక్తి యాజమాన్యపు సంస్థలకు కంపెనీల చట్టం వర్తించదు. వాటికి 2017 నాటి జీఎస్టీ నియమాలే ఆధారం: ప్రమాదవశాత్తూ రికార్డులు నశిస్తే తగిన వ్యవధిలో సమాచారాన్ని తిరిగి రాబట్టగలిగేలా ఎలక్ట్రానిక్ బ్యాకప్ ఉంచుకోవాలని 57వ నియమం చెబుతుంది గాని, ఆ వ్యవధి ఎన్ని రోజులో చెప్పదు, నకలు అసలుకు ఎంత దూరాన ఉండాలో అసలే చెప్పదు.