చేపల చెరువు నీటిలో నైట్రేట్: ఇంటి దగ్గరే తక్కువ ఖర్చుతో సరిగ్గా కొలుచుకోవడం ఎలా?

నిడదవోలు చుట్టుపక్కల ఎకరం, రెండెకరాల చెరువుల్లో శీలావతి, బొచ్చె పెంచే రైతులు, ఇంటి దగ్గర సిమెంటు తొట్లలో పిల్లల్ని సాకేవారు నీటి పరీక్ష కిట్లు కొంటున్నారు. కొన్న కిట్టు తప్పు చూపితే నష్టం రెండు విధాలు. అవసరం లేని మందులకు డబ్బు పోతుంది. లేదా అసలు ప్రమాదం కనిపించక చేపలు పోతాయి. కొద్దిపాటి జాగ్రత్తలతో అక్వేరియం కిట్టుతోనే నమ్మదగిన ఫలితం రాబట్టవచ్చు.

ముందు తెలుసుకోవలసినది

చేపలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జన కుళ్లి అమ్మోనియా అవుతుంది. సూక్ష్మజీవులు దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ విషం. నైట్రేట్ వాటితో పోలిస్తే చాలా తక్కువ హాని చేస్తుంది.

మట్టి చెరువులో పాచి నైట్రేట్‌ను వాడుకుంటుంది కాబట్టి చాలాసార్లు తక్కువే వస్తుంది. నైట్రేట్ తక్కువగా ఉందని నీళ్లు మంచివని అనుకోకూడదు. అమ్మోనియా, నైట్రైట్ కూడా అదే రోజు చూడాలి. పాచి లేని తొట్లలో మాత్రం నైట్రేట్ వారం వారం పేరుకుపోతుంది.

ఏ కిట్టు కొనాలి?

ముంచి చూసే స్ట్రిప్పులు చవక. కానీ తేమ తగిలితే పాడవుతాయి, అంచనాకు మాత్రమే పనికొస్తాయి. చుక్కల మందుతో రంగు చూసే ద్రవ కిట్టు మేలు. ఒక కిట్టుతో చాలా పరీక్షలు చేయవచ్చు. నలుగురు రైతులు కలిసి కొంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. సీసా మీద గడువు తేదీ చూసి తీసుకోండి.

పరీక్ష చేసే విధానం

1. వారానికోసారి, ఒకే వేళకు నీళ్లు తీయండి. గట్టు పక్క పైనీళ్లు వద్దు. మూడు నాలుగు చోట్ల అడుగు లోతు నుంచి తీసి కలపండి.
2. సీసాను, గాజు గొట్టాన్ని అదే నీళ్లతో మూడుసార్లు కడగండి. సబ్బు వాడవద్దు. గంటలోపు పరీక్షించండి.
3. నీళ్లు పచ్చగా ఉంటే కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి.
4. నైట్రేట్ కిట్టులోని రెండో సీసా మందు సాధారణంగా అడుగున పేరుకుంటుంది. దాన్ని కనీసం అర నిమిషం గట్టిగా కుదపండి. ఇది వదిలేస్తే ఉన్న నైట్రేట్ లేనట్టు చూపుతుంది. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.
5. సీసాను నిటారుగా పట్టి చుక్కలు వేయండి. గొట్టానికి మూత పెట్టి కుదపండి, వేలితో మూయవద్దు. కాగితంలో చెప్పినన్ని నిమిషాలు గడియారం చూసి ఆగండి.
6. పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు రంగు పోల్చండి.
7. రంగు పట్టికలోని చివరి గడికి చేరితే ఒక వంతు చెరువు నీళ్లకు నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ చూసి, వచ్చిన అంకెను 5తో హెచ్చించండి.

కిట్టులో మందు ఆమ్లం. కళ్లలో, చేతుల మీద పడకుండా చూసుకోండి. వాడిన నీళ్లు చెరువులో పోయవద్దు. పిల్లలకు అందకుండా ఉంచండి.

అంకెలో తికమక

కొన్ని కిట్లు నైట్రేట్‌ను, కొన్ని నైట్రేట్‌లోని నత్రజనిని మాత్రమే చూపుతాయి. నత్రజని అంకె అయితే 4.4తో హెచ్చిస్తే నైట్రేట్ వస్తుంది. నైట్రైట్‌కు 3.3తో హెచ్చించాలి. నైట్రేట్ పరీక్షలో నైట్రైట్ కూడా కలిసి కనిపిస్తుంది కాబట్టి, నైట్రైట్ ఎక్కువున్న రోజు నైట్రేట్ అంకెను నమ్మవద్దు.

కిట్టు నిజం చెబుతోందా?

దీనికి ఎరువుల దుకాణంలో దొరికే 13-0-45 చాలు. 10 గ్రాములు తూచి 10 లీటర్ల నీళ్లలో కరిగించండి. అందులోంచి సిరంజితో 35 మిల్లీలీటర్లు తీసి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో (యాసిడ్ కాదు) లీటరు చేయండి. ఇందులో నైట్రేట్ దాదాపు 20 పీపీఎం. కిట్టు 20 దగ్గర చూపితే మంచిది. వట్టి డిస్టిల్డ్ వాటర్‌కు సున్నా రావాలి. కొత్త కిట్టు తెరిచినప్పుడు, తర్వాత రెండు మూడు నెలలకోసారి ఇలా సరిచూడండి.

ఫలితం చూసి ఏం చేయాలి?

తొట్టిలో నైట్రేట్ 50 పీపీఎం దాటుతుంటే పావు వంతు నీళ్లు మార్చండి. తీసిన నీళ్లు అరటికి, కొబ్బరికి పనికొస్తాయి. కొత్త నీళ్లనూ ఒకసారి పరీక్షించండి. పొలాల పక్క బోరులో నైట్రేట్ ముందే ఉండవచ్చు. తాగునీటికి పరిమితి 45 పీపీఎం, కాబట్టి అంతకు మించితే ఆ బోరు నీళ్లు ఇంట్లో తాగవద్దు.

నైట్రైట్ 0.5 పీపీఎం దాటితే మేత తగ్గించి, ఏరేటర్లు తిప్పి, వీలుంటే నీళ్లు మార్చండి. చేపలు పైకొచ్చి గుటకలు వేస్తూ, మొప్పలు చాక్లెట్ రంగుకు తిరిగితే ఆలస్యం చేయవద్దు. మంచినీటి చెరువులో ఎకరానికి, ప్రతి అడుగు లోతుకు, ప్రతి 1 పీపీఎం నైట్రైట్‌కు 20 కిలోల ఉప్పు కరిగించి చల్లాలి. అంటే ఎకరం చెరువులో 5 అడుగుల నీళ్లుండి నైట్రైట్ 1 పీపీఎం ఉంటే 100 కిలోలు. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల ద్వారా రక్తంలోకి పోనివ్వదు. జియోలైట్ పట్టుకునేది అమ్మోనియానే. నైట్రైట్, నైట్రేట్‌ల కోసం దాన్ని కొనవద్దు.

వేసవిలో పశ్చిమ డెల్టా కాలువలు కట్టేశాక నీళ్లు మార్చే వీలుండదు. కాబట్టి కట్టడానికి రెండు వారాల ముందే మూడు పరీక్షలూ చేసి, అవసరమైతే అప్పుడే నీళ్లు మార్చుకోండి. ప్రతి ఫలితాన్నీ తేదీ, వేళ, ఆ రోజు వేసిన మేతతో సహా నోటు పుస్తకంలో రాయండి. ఒక్క రోజు అంకె కంటే నాలుగు వారాల వరుస ఎక్కువ చెబుతుంది. అనుమానం ఉంటే ఆ పుస్తకంతో పాటు నీళ్ల సీసా తీసుకుని రైతు సేవా కేంద్రంలోని మత్స్య సహాయకుణ్ణి కలవండి.