గుంటల మీద పెరిగిన ఊరు

తాతయ్యగుంట అనగానే తిరుపతిలో ఎవరికైనా గంగమ్మ జాతర గుర్తొస్తుంది, గుంట కాదు. కొర్లగుంట పేరు చెబితే ఆటోవాడు సందుల్లోకి తిప్పుతాడు. పేర్లలో నీళ్లు మిగిలాయి, నేల మీద మేడలు లేచాయి.

ఉత్తరాన శేషాచలం నిటారుగా నిలబడి ఉంటుంది. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంటే, కింద ఊరు 150 మీటర్ల పైచిలుకు. దక్షిణాన స్వర్ణముఖి చంద్రగిరి వైపు నుంచి వచ్చి, తిరుచానూరు పక్కగా శ్రీకాళహస్తికి సాగుతుంది. కొండకూ ఏటికీ నడుమ వాలునేల. వానలో పెద్ద వాటా అక్టోబరు, నవంబరుల్లోనే. కొండ మీద పడ్డ నీళ్లు కపిలతీర్థంలో దూకి, కొన్ని గుంటల్లో నిలిచి, తక్కినవి ఏటి దారి పట్టేవి.

మొదట జనం కపిలతీర్థం దగ్గరి కొత్తూరులో ఉండేవారంటారు. 12వ శతాబ్దంలో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించాక ఆ గుడి చుట్టూ వీధులు వెలిశాయి. 1886లో మునిసిపాలిటీ అయింది. 1901 లెక్కల్లో జనం 15 వేల చిల్లరే. అప్పటికిది ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఊరు. ఊరు తర్వాత చేరిన చిత్తూరు జిల్లా 1911లో గానీ పుట్టలేదు.

1944లో ఘాట్ రోడ్డు పడింది. అంతకుముందు కొండెక్కాలంటే కాళ్లు, లేదా డోలీ. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 2007లో ఊరు నగరపాలక సంస్థ అయింది. 2011 నాటికి జనాభా 2 లక్షల 87 వేలు, అంటే 1901తో పోలిస్తే పద్దెనిమిదింతలకు పైనే. రోజూ దర్శనానికి వచ్చిపోయే వేలాది మంది ఈ లెక్కలో లేరు. వాళ్లకు గది చూపి, అన్నం పెట్టి, బస్సెక్కించే వాళ్లు మాత్రం ఉన్నారు. నన్నడిగితే ఈ ఊరి జనాభాను పెంచింది ఆ రాకపోకలే.

ఇంతమందికీ చోటెక్కడ? ఉత్తరాన కొండా అడవీ అడ్డం, కాబట్టి ఊరు పల్లానికే జరగాలి. తాగునీరు కల్యాణి డ్యాం నుంచి, తర్వాత తెలుగుగంగ నుంచి కొళాయిలోకి వచ్చాక గుంటతో అవసరం తీరింది. అవసరం తీరిన గుంట ఖాళీ జాగాలా కనిపించింది.

2021 నవంబరులో కుండపోత వాన కురిసింది. ఘాట్ రోడ్లు మూసేశారు. కపిలతీర్థం జలపాతం ఎర్రటి వరదై దూకింది. ఊళ్లో పల్లపు కాలనీల్లోకి, ఇళ్లలోకి నీళ్లు పాత దారినే వచ్చేశాయి.