ఆరోగ్యవరం: మదనపల్లె క్షయ చికిత్సాలయ చరిత్ర, సేవలు

వ్యాససంగ్రహం:

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికి దక్షిణ భారత వైద్యచరిత్రలో విశిష్ట స్థానముంది. మందులు లేని కాలంలో విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, పౌష్టికాహారం ఆధారంగా మొదలైన ఈ సంస్థ కాలక్రమంలో తన ఆవరణను దాటి పల్లెల్లోకి వెళ్లింది. ఆ పరిణామాన్ని వివరించి, ఆసుపత్రి సేవను పడకల సంఖ్యతో మాత్రమే కొలవలేమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఆరోగ్యవరం, మదనపల్లె, క్షయ, శానిటోరియం, బి.సి.జి., గ్రామీణ వైద్యం.

1. ఉపోద్ఘాతం:

క్షయ మన సమాజానికి కొత్త వ్యాధి కాదు. ఆయుర్వేద గ్రంథాలు దీనిని ‘రాజయక్ష్మం’ అన్నాయి. దక్షుని శాపంవల్ల చంద్రుడు ఈ వ్యాధికి గురై క్షీణించాడన్న పురాణగాథ తెలుగువారికి సుపరిచితమే. 1882లో రాబర్ట్ కాక్ క్షయకారక సూక్ష్మజీవిని కనుగొనడంతో వ్యాధికి కారణం తెలిసింది. దానిని అణచగల మందు కోసం మాత్రం మరో అరవై ఏళ్లు ఎదురుచూడవలసి వచ్చింది. కారణం తెలిసి మందు తెలియని ఈ మధ్యకాలమే శానిటోరియాల కాలం. ఆరోగ్యవరం ఆ కాలంలో పుట్టింది.

2. స్థాపన, స్థలనామం:

మన దేశంలో తొలి క్షయ శానిటోరియం 1906లో అజ్మీర్ దగ్గరి తిలోనియాలో ఏర్పడింది. ఆ తరువాత హిమాలయ ప్రాంతాల్లో మరికొన్ని వచ్చాయి. దక్షిణాదిలో ఈ లోటును తీర్చడానికి వేర్వేరు ప్రొటెస్టెంట్ మిషన్లు ఏకమయ్యాయి. ‘యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం’ అన్న పేరులోని ‘యూనియన్’ ఆ కలయికనే సూచిస్తుంది. 1912–15 సంవత్సరాల మధ్య ఈ సంస్థ రూపుదిద్దుకుంది. డెన్మార్క్ దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ దీనికి తొలి సారథి.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పొడిగాలి, మితమైన వేడి, చుట్టూ కొండలు ఉన్న ఈ ప్రదేశం నాటి వైద్యుల దృష్టిలో క్షయరోగులకు అనువైనది.

‘ఆరోగ్యవరం’ అన్న పేరును కూడా ఇక్కడ గమనించాలి. అన్నవరం, భీమవరం వంటి ఊరిపేర్లలోని ‘వరం’ను ‘పురం’ శబ్దానికి రూపాంతరంగా స్థలనామ పరిశోధకులు భావిస్తారు. ఆ లెక్కన ఇది ఆరోగ్యపు ఊరు. వినేవారికి మాత్రం ఆరోగ్యమనే వరమూ స్ఫురిస్తుంది. రోగం పేరు పలకడానికే జనం జంకిన రోజుల్లో రోగుల నివాసానికి ఆరోగ్యం పేరు పెట్టడంలో ఔచిత్యం ఉంది.

3. మందులు లేనినాటి చికిత్స:

నాటి చికిత్సకు విశ్రాంతి, పౌష్టికాహారం, ధారాళమైన గాలి మూలాధారాలు. రోగి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి అక్కడే ఉండవలసి వచ్చేది. ఛాతీలోకి గాలిని పంపి, రోగగ్రస్తమైన ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసి దానికి విశ్రాంతినివ్వడం మరొక పద్ధతి. ఈ పద్ధతులు కొందరిని బతికించాయి, అందరినీ బతికించలేకపోయాయి.

ఈ విధానానికి ఒక సామాజిక పరిమితి కూడా ఉంది. రెక్కాడితేగాని డొక్కాడని కూలీ నెలల తరబడి పని మానుకొని పడుకోలేడు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే ఇల్లాలు పిల్లలను వదిలి రాలేదు. పడకలెన్ని పెంచినా, చేరగలిగినవారికంటే చేరలేనివారే ఎక్కువ. ఈ వాస్తవాన్ని ఎదుర్కొన్న తీరులోనే ఆరోగ్యవరం ప్రత్యేకత కనిపిస్తుంది.

4. ఆవరణ దాటిన వైద్యం:

స్వాతంత్ర్యానంతరం ఈ సంస్థ సేవ కొత్త దారి పట్టింది. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. ఇక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ కేంద్ర ప్రభుత్వానికి క్షయ వ్యాధి సలహాదారుగా వ్యవహరించారు. 1951 తరువాత టీకా దేశవ్యాప్త కార్యక్రమమైంది. దానిపై వ్యతిరేకత కూడా వచ్చింది. 1955లో రాజాజీ వంటి నాయకుడే బి.సి.జి.ని బహిరంగంగా వ్యతిరేకించారు.

అటువంటి వివాదాలకు సమాధానం క్షేత్రపరిశీలనలోనే దొరకాలి. 1950–55 మధ్య డాక్టర్ జోహానెస్ ఫ్రిమోడ్ట్ మోలర్ నాయకత్వంలో మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ విస్తృతమైన పరిశీలన జరిగింది. జనానికి చర్మపరీక్షలు, ఎక్స్‌రేలు తీశారు. టీకా వేసినవారిని, వేయనివారిని ఏళ్ల తరబడి గమనించి పోల్చారు. ఫలితాలు 1960లోనూ 1964లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడ్డాయి. ఆసుపత్రికి వచ్చిన రోగిని పరీక్షించడం వైద్యం. ఆసుపత్రికి రాని పల్లెను పరీక్షించడం ప్రజారోగ్యం. ఆరోగ్యవరం మొదటిదానినుంచి రెండవదానికి నడిచింది.

క్షయ పట్టణాల ఇరుకు ఇళ్ల జబ్బు అన్న భావన అప్పట్లో బలంగా ఉండేది. 1955–58 నాటి జాతీయ నమూనా సర్వే పల్లెల్లోనూ ఈ వ్యాధి ఇంచుమించు అదే స్థాయిలో ఉందని తేల్చింది. మదనపల్లె పరిశీలన గ్రామీణ క్షయను దగ్గరగా చూపిన తొలి ప్రయత్నాల్లో ఒకటి.

5. ఇంటివద్ద చికిత్స, శానిటోరియం భవిష్యత్తు:

స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ వంటి మందులు రావడంతో పరిస్థితి మారిపోయింది. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ రసాయనచికిత్సా కేంద్రం, మందులు సక్రమంగా వాడితే ఇంటివద్ద చికిత్స శానిటోరియం చికిత్సకు తీసిపోదని 1959లో ప్రకటించింది. ఇంటిలో ఉన్న రోగివల్ల కుటుంబసభ్యులకు అదనపు ముప్పు కూడా కనిపించలేదు. పేదరోగికి ఇంతకంటే శుభవార్త లేదు. శానిటోరియానికి మాత్రం ఇది అస్తిత్వ ప్రశ్న. మదనపల్లె పరిశోధకులు ఈ మార్పుకు ఎదురునిలవలేదు. గ్రామాల్లో ఇంటివద్ద చికిత్స ప్రభావాన్ని తామే అధ్యయనం చేశారు. తమ పడకల అవసరాన్ని తగ్గించే పద్ధతిని తామే పరీక్షించడం చికిత్సాలయ చరిత్రలో అరుదైన నిజాయితీ. తరువాతి కాలంలో ఈ సంస్థ ‘ఆరోగ్యవరం మెడికల్ సెంటర్’గా మారి ఇతర వ్యాధులకూ వైద్యం అందిస్తోంది.

6. ముగింపు:

ఆరోగ్యవరం చరిత్రను ఇప్పటివరకు ఎక్కువగా వైద్యుల పేర్లతో, నివేదికలతో చెప్పుకుంటూ వచ్చాం. వరండాల్లో మంచాలపై నెలల తరబడి కొండలను చూస్తూ గడిపిన రోగుల మాటలు, వారికి సేవచేసిన నర్సుల, వంటవారి, పారిశుద్ధ్య కార్మికుల జ్ఞాపకాలు ఆ చరిత్రలో దాదాపు లేవు. ఆ తరంలో మిగిలినవారు కొద్దిమందే. ఉత్తరాలు, మౌఖిక కథనాలు, ఆత్మకథల్లోని ప్రస్తావనలు సేకరించవలసిన సమయం ఇదే. క్షయ నేటికీ మన మధ్యనే ఉంది. మందు ఉన్నా, రోగాన్ని దాచుకునే భయం పూర్తిగా పోలేదు. రోగి తలుపు దాకా వెళ్లిన ఒక ఆసుపత్రి అనుభవం ఇప్పటి వైద్యరంగానికీ అవసరమే.