ముఖాభినయ మార్పిడి: ఫుటేజి సన్నాహాల చరిత్ర

షూటింగ్ అయిపోయాక నటుడి పెదవుల కదలికను, చూపును, దవడ తీరును కంప్యూటర్‌లో మార్చాలంటే అందుకు పనికొచ్చే దృశ్యాలు చేతిలో ఉండాలి. వాటిని తీయడం, ఏరడం, శుభ్రం చేయడం కలిపి ఫుటేజి సన్నాహం అనుకోవచ్చు. విజువల్ ఎఫెక్ట్స్ చరిత్రలో సాఫ్ట్‌వేర్లకు దక్కిన పేరు దీనికి దక్కలేదు. కానీ మార్చిన ముఖం తెర మీద నమ్మించగలదా లేదా అన్నది చాలావరకు సెట్లోనే తేలిపోతుంది.

తొలి ప్రయత్నాలు పాత ఫిలింతోనే జరిగాయి. 1994లో వచ్చిన ‘ఫారెస్ట్ గంప్’ కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ వార్తాచిత్రాల్లోని కెన్నడీ వంటి అమెరికా అధ్యక్షుల నోళ్లను కొత్త మాటలకు తగ్గట్టు కదిలించింది. నీలితెర ముందు తీసిన టామ్ హాంక్స్ దృశ్యాలు మరీ కొత్తగా మెరవకుండా పాత రీలు గ్రెయిన్‌నూ (ఫిలిం మీది సన్నని గరుకునూ) మరకలనూ వాటికి అద్దాల్సి వచ్చింది. 1997లో బ్రెగ్లర్, కోవెల్, స్లేనీ తెచ్చిన ‘వీడియో రీరైట్’ పద్ధతి ఉన్న ఫుటేజిలోంచే నోటి ఆకారాలను ఏరి, కొత్త శబ్దాల వరుసలో పేర్చింది. కెన్నడీ క్యూబా క్షిపణి సంక్షోభ ప్రసంగంలోంచి వారు వాడుకున్నది సుమారు 2 నిమిషాలే. వెతికిన శబ్దాల కలయిక అంత చిన్న ముక్కలో లేకపోతే దగ్గరి ఆకారంతో సరిపెట్టాల్సిందే. 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒబామా వారాంతపు ప్రసంగాలతో ఇలాంటి పనే చేసినప్పుడు వారి దగ్గర 17 గంటల వీడియో ఉంది.

సినిమావాళ్లు మరో దారి పట్టారు: ముందు నటుణ్ణే సిద్ధం చేయడం. ‘ది క్యూరియస్ కేస్ ఆఫ్ బెంజమిన్ బటన్’ (2008)లో వృద్ధుడి శరీరంగా నటించినవారికి సెట్లో నీలి టోపీ తొడిగారు. ఆ మెడ మీదికి బ్రాడ్ పిట్ హావభావాలతో నడిచే కంప్యూటర్ తల చేరింది. ‘ది ఐరిష్‌మన్’ (2019) నాటికి కదలికలను పట్టే చుక్కలు మొహానికి పెట్టుకోవడం నటులకు ఇష్టం లేకపోయింది. అందుకని ప్రధాన కెమెరాకు అటూ ఇటూ రెండు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు బిగించారు. భారం నటుడి చర్మం మీంచి కెమెరా స్టాండు మీదికి మారింది.

2016 నాటి ‘ఫేస్ టు ఫేస్’ పరిశోధన మామూలు యూట్యూబ్ వీడియోలోని ముఖాన్నీ అప్పటికప్పుడు మార్చి చూపింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకుల భాగస్వామ్యంతో 2020లో వచ్చిన ‘వావ్ టు లిప్’ ఎవరి గొంతుకైనా ఎవరి పెదవులనైనా కలిపేస్తుంది. దాంతో ఏ ఫుటేజి అయినా చాలన్న అపోహ పుట్టింది. కానీ వావ్ టు లిప్ ముఖాన్ని 96 పిక్సెళ్ల చదరంలో చూస్తుంది. క్లోజప్‌లో, అదీ థియేటర్ తెర మీద, పళ్లూ నాలుకా ముద్దగా కనిపించడానికి ఒక కారణం అదే.

అసలు చిక్కంతా నోటి దగ్గరే. మాట మధ్యలో చెయ్యి అడ్డొచ్చినా, మైకు గడ్డాన్ని కప్పినా, తల పూర్తిగా పక్కకు తిరిగినా ముఖాన్ని వెంబడించే ట్రాకింగ్ జారిపోతుంది. తల విసురుగా తిప్పితే వచ్చే మసకలో పెదవి అంచు దొరకదు. బాగా కుదించిన వీడియోలో పెదవి అంచు చుట్టూ గళ్లు తేలతాయి. ఫోన్లో తీస్తే సెకనుకు ఫ్రేముల సంఖ్య మారుతూ శబ్దం మెల్లగా పక్కకు జరగొచ్చు. అందుకే కుదింపు తక్కువ ఉన్న ఒరిజినల్‌నే తీసుకుంటారు. కట్ పడిన ప్రతిచోటా షాట్‌ను విడదీస్తారు. గ్రెయిన్ తొలగించి పనిచేసి, చివర్లో తిరిగి వేస్తారు. వెలుతురు ఎటునుంచి పడిందో తెలియడానికి సెట్లో క్రోమ్ బంతినీ బూడిదరంగు బంతినీ కాసేపు చిత్రీకరించి పెట్టుకోవడం పాత అలవాటే, ఇప్పటికీ అక్కరకొస్తోంది.

2022 నాటి ‘ఫాల్’ చిత్రంలో 30కి పైగా బూతుమాటలను రీషూట్ లేకుండా, పెదవుల కదలికతో సహా మార్చి, అమెరికాలో పీజీ-13 రేటింగ్ తెచ్చుకున్నారు. వాడింది దర్శకుడు స్కాట్ మాన్ సహవ్యవస్థాపకుడిగా ఉన్న ఫ్లాలెస్ సంస్థ సాంకేతికత. మరుసటి ఏడు హాలీవుడ్ నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసి, డిజిటల్ మార్పులకు నటుడి సమ్మతిని ఒప్పందంలోకి ఎక్కించింది. అయితే పరభాషా డబ్బింగుకు పెదవులు సరిచేయడాన్ని మాత్రం మినహాయింపుల్లోనే ఉంచారు.