ట్యాంకులోకి దిగిన పంపు

తాండూరులో ఎవరైనా ఇంటి ముందు బండి విప్పుకుని కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి, "ఏమైందన్నా, మిస్త్రీ దొరకలేదా?" అని పలకరిస్తారు. ఇక్కడ టెక్సాస్‌లో నేను నా పాత పికప్ కింద దూరితే పక్కింటాయన వచ్చి, జాకీ స్టాండ్లు ఇంకో రెండు కావాలా అని అడుగుతాడు. పోయిన నెల ఫ్యూయల్ పంపు మార్చిన ఫొటోలు పంపితే మా చిన్నాన్న వెంటనే ఫోన్ చేశాడు. "గింత దూరం పొయ్యి గీ పని జేస్తున్నవారా? పైసల్ లేవా?" ఫోన్లో సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం చెప్పాలంటే ఈ దేశ చరిత్ర చెప్పాలి.

పైసల మాట అబద్ధం కాదు. ఇక్కడ సామాను చవక, మనిషి చెయ్యి ఖరీదు. పంపును విప్పి బిగించే కూలీ ఒక్కోసారి పంపు ఖరీదునే మించిపోతుంది. మన దగ్గర లెక్క తిరగబడుతుంది. తాండూరు చుట్టూ నాపరాళ్ల గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. బండలు మోసే లారీలు తిరిగే ఊరికి మెకానిక్ షెడ్లు, వెల్డింగు షాపులు, బ్యాటరీ దుకాణాలు వాటంతట అవే వచ్చి చేరతాయి. పది అడుగుల్లో ఉస్తాద్ ఉన్నప్పుడు యజమాని స్పానర్ పట్టుకోవడం పిసినారితనంలా కనిపిస్తుంది. అయితే కూలీ ఒక్కటే కారణమైతే ఇక్కడ డబ్బున్నవాళ్లు ఈ పని చేయకూడదు కదా. మా వీధిలో ఉన్న డాక్టరుగారు ఆదివారం వస్తే తన బండి బ్రేకులు తనే మార్చుకుంటాడు, అదీ పాటలు పెట్టుకుని.

ఈ అలవాటు ఇక్కడి పల్లెల్లో పుట్టింది. హెన్రీ ఫోర్డ్ మోడల్-టి బండి 1908లో వచ్చింది, 1927లో ఆగిపోయేనాటికి కోటిన్నర బళ్లు తయారయ్యాయి. కొన్నవాళ్లలో రైతులు చాలామంది. వాళ్ల పొలాలకీ దగ్గరి పట్నానికీ మధ్య గంటల ప్రయాణం. బండి ఆగితే వచ్చి బాగుచేసేవాడు లేడు, కనుక రైతే నేర్చుకున్నాడు. వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి కట్టెలు కోశాడు, మొక్కజొన్న పిండి ఆడించాడు. వెనక భాగం కోసేసి కర్రపెట్టె బిగించి సరుకు మోశాడు. జనం సొంతంగా చేసుకుంటున్నదాన్నే ఫోర్డ్ 1925 ఏప్రిల్‌లో పికప్ బాడీతో 281 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు.

ఆ బండికి ఫ్యూయల్ పంపే లేదు. సీటు కింద ట్యాంకు, అంతకంటే కిందుగా ఇంజనుకు పెట్రోలు అందించే కార్బ్యురేటర్. పెట్రోలు తన బరువుతో తనే దిగేది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారు గుట్ట ఎదురైతే ముందుభాగం పైకి లేచి, పెట్రోలు ఇంజనుకు అందేది కాదు. అప్పుడు బండిని తిప్పి రివర్సులో ఎక్కించేవాళ్లు. వికారాబాద్ నుంచి అనంతగిరి గుట్ట మీదికి పద్మనాభస్వామి దర్శనానికి వెళ్లే బళ్లన్నీ వీపు చూపిస్తూ ఎక్కుతున్నట్టు ఊహించుకోండి.

రెండో ప్రపంచ యుద్ధం ఈ అలవాటును ఇంకా గట్టిపరిచింది. 1942 ఫిబ్రవరి నుంచి 1945 దాకా మామూలు జనానికి కొత్త కార్ల తయారీ లేదు. పెట్రోలుకు రేషను. ఉన్న బండినే అతుకులేసి నడిపారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 నాటి జి.ఐ. బిల్లు కింద ఇంటి రుణాలు దొరికాయి, ఊళ్ల శివార్లలో లక్షల ఇళ్లు లేచాయి, ఇంటికి ఆనుకుని గ్యారేజీలు వచ్చాయి. సొంత గ్యారేజీలో సొంత చేతులతో బండి బాగుచేసుకునే అమెరికన్ గురించి ఇక్కడ చాలా గొప్పగా చెప్పుకుంటారు. అదే సైన్యంలో పనిచేసిన నల్లజాతి వాళ్లకు ఆ రుణాలు చాలాచోట్ల అందలేదనీ, ఆ శివారు కాలనీలు ఎన్నో వాళ్లను రానివ్వలేదనీ అదే నోటితో చెప్పరు. స్వావలంబన అన్నది ముందు జాగా ఉన్నవాడికి వచ్చే గుణం.

ఇక పంపు కథ. 1920ల చివర నుంచి చాలా ఏళ్లపాటు అది ఇంజను పక్కనే ఉండేది. క్యామ్‌షాఫ్ట్ ఒక మీటను ఆడిస్తే లోపలి డయాఫ్రమ్ పైకీ కిందికీ కదిలి, వెనక ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చేది. రెండు బోల్టులు విప్పితే చేతిలోకి వచ్చేది. మన అంబాసిడర్లలో ఉన్నదీ అదే. మే నెల ఎండలో బండి మొరాయిస్తే డ్రైవరు బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేయడం నా వయసువాళ్లు చూసే ఉంటారు. వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైతే పంపు పీల్చినా ఏమీ రాదు. గుడ్డ వేసి చల్లబరిస్తే మళ్లీ అందుకునేది.

ఆ పంపును అక్కడి నుంచి తీసేయించినవి వాషింగ్టన్‌లో చేసిన చట్టాలు. 1970లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. 1975 మోడళ్ల నుంచి పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్, దానికోసం సీసం లేని పెట్రోలు. మధ్యలో 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. బంకుల ముందు మైళ్ల కొద్దీ వరసలు, మరుసటి ఏడాది దేశమంతటా గంటకు 55 మైళ్ల వేగ పరిమితి. 1975లోనే కార్ల మైలేజీకి చట్టం పెట్టారు. పొగ తగ్గాలి, మైలేజీ పెరగాలి అంటే పెట్రోలు చుక్క లెక్కన కొలిచి వేయాలి. కార్బ్యురేటర్‌కు అంత సన్నపు లెక్క చేతకాలేదు. 1980లలో దాని స్థానంలోకి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది. టైర్లో గాలికి చెప్పే లెక్కలో చెప్పాలంటే కార్బ్యురేటర్‌కు ఐదారు పౌండ్ల ఒత్తిడి చాలు, ఇంజెక్షన్‌కు 40 నుంచి 60 కావాలి. అంత ఒత్తిడి ఇచ్చే కరెంటు పంపును పెట్రోలులోనే ముంచి పెట్టారు. అక్కడుంటే చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది, పీల్చే బదులు తోస్తుంది కనుక ఆవిరి బెడదా తగ్గుతుంది. ఎప్పుడూ అడుగంటే దాకా నడిపేవాళ్ల పంపులు త్వరగా కాలిపోవడానికి కారణం కూడా ఇదే.

పోయిన నెల నా పికప్‌లో తాళం తిప్పగానే వెనక ట్యాంకులోని పంపు నుంచి రెండు సెకన్లు వినిపించే గుంయ్‌మనే మోత వినిపించలేదు. ఫ్యూజు, రిలే బాగానే ఉన్నాయి. రబ్బరు సుత్తితో ట్యాంకు అడుగున రెండు దెబ్బలు వేస్తే స్టార్టయింది. ఒక్కోసారి అరిగిపోయిన మోటారు అలా ఇంకో రోజు నడుస్తుంది. ఇంటికి చేరడానికి అది చాలు.

ట్యాంకు నిండా ఉంటే పెట్రోలే డెబ్బై కిలోల బరువు. కింద నుంచి దించడం కంటే వెనక బాడీని ఎత్తడం మేలు. ముందురోజే బాడీ బోల్టులకు నూనె కొట్టి ఉంచాను. బ్యాటరీ నెగటివ్ తీసి, లైట్ల వైర్లు, పెట్రోలు పోసే గొట్టం విడదీసి, నలుగురం నాలుగు మూలలా పట్టుకుని బాడీని గడ్డి మీద పెట్టాం. పంపు మూత చుట్టూ పదేళ్ల మట్టి గట్టిపడి ఉంది. ముందు దాన్ని బ్రష్షుతో, గాలితో శుభ్రం చేయాలి, లేకపోతే అదంతా ట్యాంకులో పడుతుంది. మూత రింగును ఇత్తడి ఉలితో చుట్టూ తడుతూ తిప్పాలి. ఇనుమైతే నిప్పురవ్వ లేస్తుందని భయం. పాత పంపును తీసేటప్పుడు పెట్రోలు మట్టం చెప్పే తేలిక బెండు చువ్వ వంగకుండా ఏటవాలుగా లాగాలి. కొత్త రబ్బరు రింగు వేసి, బిగించి, తాళాన్ని నాలుగైదుసార్లు తిప్పి ఆపితే గొట్టాల్లో పెట్రోలు నిండింది. ఆ తర్వాతే స్టార్టరు.

అసలు ఇన్ని పికప్‌లు ఎందుకు ఈ దేశంలో అని అడిగితే జవాబులో ఒక ముక్క కోళ్ల దగ్గర దొరుకుతుంది. 1960ల మొదట్లో యూరప్ వాళ్లు అమెరికా కోళ్ల మీద పన్ను పెంచారు. బదులుగా 1963 డిసెంబర్‌లో అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం బంగాళాదుంప పిండి, బ్రాందీ లాంటి వాటితో పాటు బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల గొడవ ఎప్పుడో సద్దుమణిగింది. ట్రక్కుల సుంకం మాత్రం అలాగే ఉండిపోయి, దేశీ కంపెనీలకు గొడుగు పట్టింది. దాన్ని తప్పించుకోవడానికి జపాన్ కంపెనీ సుబారు తన చిన్న పికప్ వెనక రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి దాన్ని కారు అనిపించింది. మైలేజీ చట్టం కూడా ట్రక్కులను కార్ల కంటే సులువుగా వదిలేసింది. 1977 నుంచి ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడవుతున్న ట్రక్కు ఫోర్డ్ ఎఫ్-సిరీస్. మన మహీంద్రా 2010 ప్రాంతంలో ఇక్కడ పికప్ అమ్మాలని చాలా దూరం వచ్చి, పంపిణీదారుతో కోర్టు గొడవల్లో ఆగిపోయింది. 1940ల చివర అమెరికా విల్లీస్ జీపులు బిగించడంతో బళ్ల పనిలోకి దిగిన కంపెనీ అది. తాండూరు నుంచి కందులు, బండలు మోసే బొలెరో పికప్‌ల పూర్వీకుడు ఈ దేశపువాడే అన్నమాట.

ఇంట్లో బండి విప్పుకునే హక్కుకూ ఇక్కడ కాగితం ఉంది. యజమాని సొంతంగా రిపేరు చేశాడనో, బయటి పార్టు వాడాడనో మాత్రమే వారంటీ రద్దు చేయకూడదని 1975లో మాగ్నసన్-మాస్ చట్టం చెప్పింది. 1996 మోడళ్ల నుంచి ప్రతి పెట్రోలు కారుకూ ఒకే రకం డయాగ్నస్టిక్ పోర్టు తప్పనిసరి, కనుక చవక స్కానర్ వాటిలో దేనికైనా పనిచేస్తుంది. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు కంపెనీ డీలర్లకు ఇచ్చే రిపేరు సమాచారాన్నే యజమానులకూ బయటి మెకానిక్కులకూ అమ్మాలని తీర్పిచ్చారు. బళ్లు వైర్‌లెస్‌లో సొంత కంపెనీకి పంపుకునే సమాచారం మీద 2020లో మళ్లీ ఓటు వేశారు. దానిమీద కంపెనీలు కోర్టుకెక్కాయి.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. 2020 ఏప్రిల్ నుంచి మన దగ్గరా బళ్ల పొగ మీద బీఎస్-6 నిబంధన వచ్చింది. పాత డీజిల్ బండికి చేత్తో పంపు కొట్టి గాలి తీసి నడిపించిన ఉస్తాద్‌కు కంప్యూటరుతో నడిచే కామన్ రైల్ డీజిల్ బండి డ్యాష్‌బోర్డు మీద వెలిగే దీపం ఏం చెబుతోందో స్కానర్ లేకుండా తెలియదు. రిపేరు హక్కు మీద కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. అది చూడాల్సిన వాటి జాబితాలో సెల్‌ఫోన్లు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలూ ఉన్నాయి. ఆ జాబితా ఎప్పటికి చట్టమవుతుందన్నది తాండూరు షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే మసాచుసెట్స్‌లో రిపేరు సమాచారం మీద హక్కు జనం ఓటు వేసి అడిగితేనే వచ్చింది.