ర్యాంకు లేని సీటు

హుజూరాబాద్‌లో బైపీసీ చదివే పిల్లలున్న ఇంట్లో మెడికల్ సీటు సంగతి తేలడానికి మూడు నాలుగు వివరాలు చాలు. నీట్‌లో 720కి ఎన్ని మార్కులు, రాష్ట్రంలో ర్యాంకెంత, ఏ కేటగిరీ, లోకలా నాన్‌లోకలా. ఇవి తెలిస్తే వరంగల్ కాకతీయలో వస్తుందా, కరీంనగర్‌లో వస్తుందా, ఆదిలాబాద్ రిమ్స్ దాకా పోవాలా అన్నది పక్కింటివాళ్లు కూడా చెప్పేస్తారు. అందుకే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవడు డాక్టర్ చదువుకు దరఖాస్తు పెట్టాడని తెలియగానే ఇక్కడి తాత ఫోన్‌లో అడిగే మొదటి మాట, "పిలగానికి ర్యాంకెంతొచ్చింది బిడ్డా?" అటువైపు నుంచి వెంటనే జవాబు రాదు. అమెరికాలో మెడికల్ సీటుకు ర్యాంకు అనేదే లేదు.

అక్కడ పరీక్ష లేదని కాదు. ఎంక్యాట్ అని ఒకటుంది. విరామాలతో కలిపి ఏడున్నర గంటలు సాగుతుంది; స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది. నాలుగేళ్ల డిగ్రీ చదివిన తర్వాతే మెడికల్ కాలేజీ కాబట్టి డిగ్రీ మార్కులూ చూస్తారు. 2023లో ఎండీ కాలేజీలకు (అక్కడ మొదటి వైద్య పట్టానే ఎండీ అంటారు) 52,577 మంది దరఖాస్తు పెడితే చేరినవాళ్లు 22,981 మంది. చేరినవాళ్ల సగటు ఎంక్యాట్ స్కోరు 512కు దగ్గర, డిగ్రీ సగటు నాలుగుకు 3.77. అయితే 520 దాటిన స్కోరు, 3.9 సగటు ఉన్నవాళ్లలో కూడా ఏటా కొందరికి ఎక్కడా సీటు రాదు. వాళ్లకన్నా పది పాయింట్లు తక్కువున్నవాళ్లు చేరిపోతారు. హుజూరాబాద్ నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన ఈ వ్యాసకర్తను ఊరివాళ్లు తరచూ అడిగే ప్రశ్న కూడా ఇదే: అంత మంచి మార్కులున్నా సీటెందుకు రాలేదు? దీనికి జవాబు చెప్పాలంటే నూటయాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1870 ప్రాంతంలో అమెరికాలో డాక్టర్ కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చాలా కాలేజీలు కొందరు డాక్టర్లు కలిసి నడుపుకునే సొంత వ్యాపారాలు. విద్యార్థి ఉపన్యాసాలకు టికెట్లు కొనుక్కునేవాడు, మొదటి ఏడు విన్న పాఠాలనే రెండో ఏడూ వినేవాడు, పట్టా పట్టుకుని వెళ్లేవాడు. హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఇలియట్ వైద్య విద్యార్థులకు రాత పరీక్ష పెడదామంటే అక్కడి సర్జరీ ప్రొఫెసర్ హెన్రీ బిగెలో ఒప్పుకోలేదు. వాళ్లలో సగం మందికి పైగా సరిగ్గా రాయడమే రాదన్నది ఆయన అభ్యంతరం. ఇప్పుడు ప్రపంచమంతా ఎగబడే హార్వర్డ్ మెడికల్ స్కూల్ ఒకప్పుడు ఇలా ఉండేది.

దీన్ని మార్చడంలో ఒక మహిళ పట్టుదల పెద్ద పాత్ర పోషించింది. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూల్ పెట్టాలనుకుంటే డబ్బు చాలలేదు. మేరీ ఎలిజబెత్ గారెట్, ఆమె స్నేహితురాళ్లు కలిసి 5 లక్షల డాలర్ల నిధి పూర్తి చేశారు. అందులో సగానికి పైగా గారెట్ సొంత డబ్బు. ఆమె పెట్టిన షరతులు రెండు. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లనూ చేర్చుకోవాలి. చేరేవాళ్లకు ముందే డిగ్రీ, సైన్స్ చదువు ఉండాలి. 1893లో స్కూల్ తెరిచినప్పుడు మొదటి తరగతిలోని 18 మందిలో ముగ్గురు మహిళలున్నారు. డిగ్రీ తర్వాతే వైద్యవిద్య అనే పద్ధతి అక్కడి నుంచే దేశమంతా పాకింది. హుజూరాబాద్ పిల్ల పద్దెనిమిదేళ్లకు ఎంబీబీఎస్‌లో అడుగుపెడుతుంటే డాలస్ పిల్ల ఇరవై రెండేళ్లు దాటాక గానీ మొదలుపెట్టకపోవడానికి మూలం ఆనాటి షరతే.

1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చింది. ఆయన డాక్టర్ కాదు, కెంటకీలో బడి నడిపిన టీచర్. కార్నెగీ ఫౌండేషన్ తరఫున అమెరికా, కెనడాలలోని 155 కాలేజీలను చూసి, ప్రయోగశాల లేనిదేదో, ఆసుపత్రి లేనిదేదో పేరు పెట్టి రాసేశాడు. తర్వాతి పాతికేళ్లలో దాదాపు సగం కాలేజీలు మూతపడ్డాయి. రోగులకు మేలే జరిగింది. కానీ నల్లజాతి వాళ్ల కోసం ఉన్న ఏడు కాలేజీల్లో ఐదు పోయి, వాషింగ్టన్‌లోని హోవర్డ్, నాష్‌విల్‌లోని మెహారీ మాత్రమే మిగిలాయి. ఆ ఐదూ బతికుంటే ఎన్ని వేలమంది నల్లజాతి డాక్టర్లు తయారయ్యేవారో అన్న లెక్క అక్కడ ఇప్పటికీ వేస్తూనే ఉంటారు. ప్రమాణాల పేరుతో తలుపు బిగించినప్పుడు బయట మిగిలేది ఎవరన్నది కూడా చరిత్రే. నివేదికను పొగిడేవాళ్లు చాలామంది ఆ పేజీ తిప్పేస్తారు.

సీట్లు తగ్గాయి, పోటీ మొదలైంది. చేరినవాళ్లలో మధ్యలో ఆగిపోయేవాళ్లు ఎక్కువవడంతో 1928లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన ఫ్రెడ్ మాస్ ఒక పరీక్ష తయారుచేశాడు. నేటి ఎంక్యాట్‌కు అదే పూర్వరూపం. మార్కులే చూసి ఉంటే ఆ దేశానిదీ మన దారే అయ్యేది. కానీ మార్కుల్లో ముందున్నవాళ్లలో యూదు వలస కుటుంబాల పిల్లలు ఎక్కువగా కనిపించారు. 1920ల నుంచి రెండో ప్రపంచయుద్ధం దాకా కొలంబియా, యేల్ వంటి పేరున్న స్కూళ్లు వాళ్ల సంఖ్యకు లోపాయికారీగా హద్దు పెట్టాయి. విద్యార్థి వ్యక్తిత్వం, నడవడిక, కుటుంబ నేపథ్యం చూడాలనే మాట ఆ రోజుల్లోనే గట్టిపడింది. ఈ రోజు 'సమగ్ర పరిశీలన' అని గౌరవంగా చెప్పుకునే పద్ధతికి ఉన్న వేర్లలో ఇదొకటి. ఈ సంగతి తెలియకుండా అమెరికన్ మెడికల్ అడ్మిషన్ల గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది.

ఆ కాలంలో అలాంటి హద్దు పెట్టని స్కూళ్లలో న్యూయార్క్ యూనివర్సిటీ ఒకటి. ఫీజూ తక్కువే. అక్కడ 1931లో పట్టా పొందిన ఆల్బర్ట్ సాబిన్, 1939లో పట్టా పొందిన జోనాస్ సాల్క్ ఇద్దరూ యూదు వలస కుటుంబాల బిడ్డలు. సాల్క్ పోలియో ఇంజెక్షన్ కనిపెట్టాడు. పల్స్ పోలియో ఆదివారం నాడు హుజూరాబాద్ బస్టాండ్‌లో పసిపిల్లల నోట్లో వేసిన చుక్కలు సాబిన్‌వి. హద్దులు పెట్టిన స్కూళ్లు ఎవరిని వదులుకున్నాయో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు.

అదే 1920లలో ఒక తెలుగువాడు బోస్టన్ చేరాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు బ్రిటిష్ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో బయటపడ్డాడు. బోస్టన్‌లో ఆయన రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పని చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి తరతరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులకు పాఠమైంది. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ వంటి మందుల వెనకున్న పరిశోధన ఆయన లెడర్లీ కంపెనీలో నడిపించిందే.

తెలుగు డాక్టర్లు గుంపులుగా వెళ్లడం 1965 తర్వాతి కథ. ఆ ఏడు వలస చట్టం మారి జాతీయ కోటాలు పోయాయి. అదే ఏడు వృద్ధుల వైద్యానికి మెడికేర్ పథకం వచ్చి డాక్టర్ల కొరత బయటపడింది. ఉస్మానియా, గాంధీ, గుంటూరు, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలు, 1959లో మొదలైన వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ నుంచి వందలమంది బయల్దేరారు. 1970లలో వెళ్లిన నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్‌లో పేరుమోసిన క్యాన్సర్ వైద్యుడయ్యారు. చిన్న ఊళ్లలో, అమెరికన్ డాక్టర్లు పోవడానికి ఇష్టపడని చోట్ల, దశాబ్దాలపాటు ఏకైక పిల్లల డాక్టరో గుండె డాక్టరో తెలుగువాళ్లే అయిన సందర్భాలు ఎన్నో. అయితే వీళ్లంతా ఇక్కడ ఎంబీబీఎస్ ముగించి, విదేశీ పట్టభద్రుల పరీక్ష రాసి, అక్కడ నేరుగా రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణలో చేరినవాళ్లు. అక్కడి మెడికల్ స్కూల్ దరఖాస్తు ఎలా ఉంటుందో వాళ్లకు అనుభవం లేదు. తమ పిల్లలు ఆ వయసుకు వచ్చాక గానీ ఆ తలుపు ఎంత వేరుగా తెరుచుకుంటుందో తెలియలేదు.

ఆ తలుపు దగ్గరే దేశాన్ని ఊపేసిన కేసు ఒకటి నడిచింది. అలన్ బక్కీ నాసాలో పనిచేసిన ఇంజినీరు. ముప్పై దాటాక డాక్టర్ కావాలనుకుని 1973, 1974లలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ మెడికల్ స్కూల్‌కు దరఖాస్తు పెట్టాడు. రెండుసార్లూ కాదన్నారు. అక్కడి 100 సీట్లలో 16 మైనారిటీ వర్గాలకు కేటాయించి ఉన్నాయి. 1978లో సుప్రీంకోర్టు అలా సీట్లు పక్కన పెట్టడం కుదరదని, దరఖాస్తుదారు జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడవచ్చని చెప్పింది. బక్కీకి సీటొచ్చింది. ఆ తీర్పులో జస్టిస్ పావెల్ ఆదర్శంగా చూపించింది హార్వర్డ్ పద్ధతిని. నలభై అయిదేళ్లకు, 2023 జూన్‌లో, అదే హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. తన జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి వ్యాసంలో రాసుకోవచ్చని మాత్రం మిగిల్చింది. రిజర్వేషన్ శాతాలు జీవోల్లో అచ్చై, కౌన్సెలింగ్ రోజున అందరికీ కనిపించే రాష్ట్రం నుంచి చూస్తే ఇది వింతగా ఉంటుంది. అక్కడ శాతం ఎక్కడా రాసి ఉండదు. అంతా కాలేజీ అడ్మిషన్ కమిటీ గదిలో తేలుతుంది.

ఇక ఈనాటి దరఖాస్తు. స్కోర్లతోపాటు 5,300 అక్షరాలు మించని వ్యాసం, పదిహేను దాకా చేసిన పనుల పట్టిక, ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు కావాలి. తర్వాత ఒక్కో కాలేజీ విడిగా పంపే ప్రశ్నలు, ఆపైన ఇంటర్వ్యూలు. ఒక్కో విద్యార్థి పదిహేను ఇరవై కాలేజీలకు పెడతాడు, ప్రతిదానికీ ఫీజు. మంచి స్కోరున్న తెలుగు పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది రెండుచోట్ల. పేరున్న కాలేజీల జాబితానే రాసి సొంత రాష్ట్ర కాలేజీలను చిన్నచూపు చూడటం ఒకటి. ముసలివాళ్ల ఆశ్రమంలోనో అంబులెన్స్‌లోనో రోగుల పక్కన గడిపిన గంటలు లేకుండా, ప్రయోగశాల పరిశోధన ఒక్కటే చూపించడం రెండోది. కమిటీ వెతికేది రోగిని దగ్గర నుంచి చూశాక కూడా ఈ చదువే కావాలనుకుంటున్నవాడిని. అది అడగాల్సిన ప్రశ్నే.

రాష్ట్రం సంగతి మరీ ముఖ్యం. టెక్సస్ చట్టం ప్రకారం ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో బయటి రాష్ట్రాలవాళ్లు పది శాతం దాటకూడదు. అంటే ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు అక్కడి లోకల్ కోటా పెద్ద వరం. దానికి ఎదురుగా ఇంకో గోడ ఉంది. హెచ్-1 వీసాపై వెళ్లినవాళ్లకు దేశాలవారీ హద్దుల వల్ల గ్రీన్‌కార్డు దశాబ్దాలు ఆలస్యమవుతోంది. చిన్నప్పుడే వెళ్లి అక్కడే పెరిగిన పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. గ్రీన్‌కార్డు లేనివాళ్లను చాలా మెడికల్ స్కూళ్లు అసలు చూడవు. చూసేవాటిలో కొన్ని ఫీజు మొత్తం ముందే డిపాజిట్ చేయమంటాయి. క్లాసులో మొదటి స్థానంలో ఉన్న బిడ్డకు ఇలా దారి మూసుకుపోవడం అన్యాయం. ఈ బాధ గురించి ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇవన్నీ చూశాక ర్యాంకును తేలిగ్గా తీసేయకూడదనిపిస్తుంది. గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడి కూతురు మొహం చూడకుండానే, ఇంగ్లీషు ఎలా మాట్లాడుతుందో వినకుండానే ర్యాంకు ఆమెకు సీటిస్తుంది. అమెరికాలో వైద్య విద్యార్థుల్లో నాలుగింట మూడొంతులు ఆదాయంలో పైనున్న 40 శాతం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. జీతం లేకుండా ఆసుపత్రిలో సేవ చేయగలగాలన్నా, పక్కన నిలబడి చూడనిచ్చే డాక్టర్ పరిచయం ఉండాలన్నా కుటుంబానికి స్తోమత కావాలి. అప్పుల భారం కూడా తక్కువేం కాదు. అప్పు చేసి చదివినవాళ్లలో సగం మంది పట్టా నాటికి దాదాపు 2 లక్షల డాలర్లో అంతకన్నా ఎక్కువో బాకీ ఉంటారు. సాబిన్, సాల్క్‌లు చదివిన న్యూయార్క్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ 2018లో ట్యూషన్ ఫీజే ఎత్తేయడానికి కారణాల్లో ఇదొకటి.

నీట్ ఈ మధ్య మే మొదటి ఆదివారం జరుగుతోంది. అమెరికాలో దరఖాస్తు కూడా మేలోనే తెరుచుకుంటుంది. హుజూరాబాద్ మరదలు కరీంనగర్ సెంటర్‌లో పరీక్ష రాసి, జూన్‌లో ఫలితం చూసుకునేసరికి, డాలస్ బావ దరఖాస్తు పంపడమే అవుతుంది. ఆమె అనాటమీ క్లాసులో కూర్చున్ననాటికి అతను ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూస్తుంటాడు. సీటు వస్తే అతని క్లాసులు మొదలయ్యేది మరుసటి ఏడు జూలైలోనో ఆగస్టులోనో. ఆ ఏడాదంతా ఊరి నుంచి ర్యాంకు ఎంతని ఫోన్లు వస్తూనే ఉంటాయి. వాటికి చెప్పగలిగింది ఎన్ని కాలేజీలు ఇంటర్వ్యూకు పిలిచాయన్న సంఖ్య మాత్రమే.