తీయించిందీ సర్కారే, కప్పించిందీ సర్కారే

మర్జాన్ సత్రపి రాసి గీసిన ‘పెర్సెపోలిస్’ మొదటి పేజీలో పదేళ్ల పిల్ల, అంటే చిన్ననాటి సత్రపి, చేతులు కట్టుకుని కూర్చుని ఉంటుంది. తల చుట్టూ నల్లటి ముసుగు. ఊరు టెహ్రాన్, సంవత్సరం 1980. పక్కనే క్లాసు ఫొటో, అందరికీ అదే ముసుగు. ఆ ఫొటోలో మన పిల్ల అంచున పడి తెగిపోయింది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. విప్లవాల పాఠంలో రాజుల పేర్లూ తేదీలూ దాటి పిల్లల్ని లోపలికి తీసుకెళ్లడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఈ బొమ్మల పుస్తకం అంత సులువుగా లోపలికి తీసుకెళ్తుంటే ఇరాన్ చరిత్రను వెనక్కి చదువుకుంటూ పోయాను. ఆ పిల్ల తల మీది గుడ్డ కథ 1979 విప్లవం కన్నా చాలా ముందే మొదలైంది.

1936 జనవరి 8న టెహ్రాన్‌లోని టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో ఒక సభ జరిగింది. రాజు రెజా షా తన భార్యనీ కూతుళ్లనీ ముసుగు లేకుండా ఆ సభకు తీసుకొచ్చాడు. ఇక మీదట దేశంలో ఆడవాళ్లెవరూ ముసుగు వేయకూడదన్నాడు. దీన్ని సంస్కరణ అని రాసిన పుస్తకాలున్నాయి. నా మనసు మాత్రం వీధిలో పోలీసులు ఒళ్లంతా కప్పే చాదర్ లాగేసిన ఆడవాళ్ల దగ్గరే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒంటి మీద ఉన్న గుడ్డ అది. కొందరు పెద్దవాళ్లు గడప దాటడమే మానేశారు. 1941లో బ్రిటిష్, సోవియట్ సైన్యాలు వచ్చి రెజా షా గద్దె దిగాకగాని ఆ జులుం సడలలేదు. ఆయన కొడుకు మహమ్మద్ రెజా కాలంలో ఇష్టమున్నవాళ్లు కప్పుకున్నారు, లేనివాళ్లు మానేశారు. 1963లో ఆడవాళ్లకి ఓటు హక్కు వచ్చింది. కానీ రాజుని ప్రశ్నించిన వాళ్ల చోటు మాత్రం జైలే.

1978 వచ్చేసరికి జనం వీధుల్లోకి వచ్చారు. ఎన్నడూ చాదర్ ముట్టని చదువుకున్న అమ్మాయిలు కూడా రాజు మీద కోపంతో అది కప్పుకుని ఊరేగింపుల్లో నడిచారు. రేపు అదే తమ మెడకు చుట్టుకుంటుందని వాళ్లు అనుకోలేదు. 1979 జనవరి 16న షా దేశం వదిలాడు, ఫిబ్రవరి 1న విప్లవ నాయకుడైన మతగురువు ఖొమేనీ దిగాడు.

సత్రపి పుస్తకంలో నన్ను కదిలించిన బొమ్మ ఇక్కడే ఉంది. రాజు దేవుడు ఎంచిన మనిషని నిన్నటిదాకా పాఠం చెప్పిన టీచరే, రాజు వెళ్లిపోగానే, పుస్తకాల్లోంచి ఆయన ఫొటోలు చింపేయండంటుంది. నిన్న చెప్పింది మీరే కదా అని నోరు తెరిచి అడిగిన చిన్నపిల్లని ఏం చేసినా, ఆ ప్రశ్న ఆ పిల్లలో ఉండిపోతుంది. ఏ దేశంలోనైనా పాఠాలు చెప్పేవాళ్లం ఈ పేజీ దగ్గర కాసేపు ఆగాలి.

1979 మార్చి 7న ఖొమేనీ నోట ఆడవాళ్లు ముసుగు వేసుకోవాలన్న మాట వచ్చింది. ఆ మర్నాడే మహిళా దినోత్సవం. వేలమంది ఆడవాళ్లు టెహ్రాన్ వీధుల్లోకి వచ్చి రోజుల తరబడి కదల్లేదు. అధికారులు అబ్బే, బలవంతమేమీ లేదని సర్దిచెప్పారు. 1980లో ఆఫీసుల్లో, బళ్లలో తప్పనిసరి చేశారు. 1983 చట్టంలో ముసుగు లేకపోతే 74 వరకు కొరడా దెబ్బలని రాశారు. ఆ రోజుల్లో ముసుగు మీద జరిగిన ఒక నిరసనలో సత్రపి తల్లిని ఓ జర్మన్ విలేకరి ఫొటో తీశాడు. అది యూరప్ పత్రికల్లోనూ, ఇరాన్‌లో ఒక పత్రికలోనూ పడింది. కూతురికి గర్వం, తల్లికి గుండెల్లో దడ. జుట్టుకు రంగేసుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆవిడ చాలాకాలం తిరిగింది.

1980 సెప్టెంబరు 22న ఇరాక్ ఇరాన్ మీద దాడి చేసింది. ఎనిమిదేళ్ల యుద్ధం. సత్రపివాళ్ల ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుకుకి పద్నాలుగేళ్లు. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ తాళంచెవి ఒకటి వాడికి బళ్లో ఇచ్చారు. యుద్ధంలో చనిపోతే స్వర్గం తలుపు తెరుచుకుంటుందట! పేదింటి పిల్లలకి దొరికింది ఆ తాళంచెవి. స్తోమతున్న సత్రపి తల్లిదండ్రులు కూతుర్ని 1984లో వియన్నా పంపించుకోగలిగారు. ఈ తేడాని సత్రపి దాచకుండా గీసింది, అందుకే ఆమె మాట నమ్ముతాను.

ఫ్రెంచిలో ఈ పుస్తకం 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా వచ్చింది. 2007లో సినిమా అయి కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి తెచ్చుకుంది.

2022 సెప్టెంబరులో, ముసుగు సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్లిన మహ్సా అమీనీ చనిపోయింది. తర్వాతి వారాల్లో ఇరాన్ బడిపిల్లలు ముసుగులు తీసి ఊపారు, పుస్తకాల్లోంచి, గోడల మీంచి ఖొమేనీ బొమ్మలు తీసి చింపారు. ఈసారి ఏ టీచరూ చెప్పలేదు.

టీచర్లకి నా మనవి. మీ బడి గ్రంథాలయంలో ఈ పుస్తకం పెట్టండి. చిత్రహింసల బొమ్మలున్నాయి కాబట్టి తొమ్మిది, పది తరగతుల వాళ్లకివ్వండి. ముందు మీరు చదవండి.